తొలిచూలు తల్లికి నేర్చుకునే వ్యవధి ఇవ్వండి

(కాబోయే తల్లిదండ్రులకు, వారి కుటుంబ సభ్యులకు ప్రసూతి వార్డు నర్సు ఒకరు ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. నెలలు నిండినవాళ్ళు దయచేసి ముందు వరుసకు రండి, ఇక్కడ గాలి బాగా వస్తోంది. మధ్యలో లేచి నాలుగడుగులు వేయాలనిపిస్తే వేయండి, నేను మాట్లాడుతూనే ఉంటాను. బిడ్డలను ఎత్తుకుని వచ్చిన తల్లులు కూడా కనిపిస్తున్నారు. వాళ్ళు ఏడిస్తే బయటికి తీసుకుపోవద్దు. ఈ సభలో ఏడవడానికి అందరికన్నా ఎక్కువ హక్కు వాళ్ళకే ఉంది.

ఈ రోజు నేను కాన్పు గురించి మాట్లాడను. నొప్పులు ఎలా మొదలవుతాయి, ఉమ్మనీరు పోతే ఏం చేయాలి, ఆపరేషన్ ఎప్పుడు అవసరమవుతుంది, ఇవన్నీ మీకు ఈపాటికి చాలామంది చెప్పి ఉంటారు. తొమ్మిది నెలల పాటు అందరూ ఆ ఒక్క రోజు గురించే మాట్లాడతారు. ఆ రోజు గడిచిపోతుంది. మరి దాని తర్వాతి రోజు? ఆ తర్వాతి వారం? ఆ తర్వాతి మూడు నెలలు? వాటి గురించి ఎవరు చెప్పారు మీకు? చేతులెత్తండి, చూస్తాను. చూశారా, ఒకటి, రెండు... అంతే. అందుకే ఈ రోజు ఆ మూడు నెలల గురించి మాట్లాడదాం.

ఇక్కడికి భర్తలు వచ్చారు, అమ్మమ్మలూ నానమ్మలూ కాబోతున్నవాళ్ళు వచ్చారు. చాలా సంతోషం. నేను చెప్పబోయే వాటిలో సగం మీ కోసమే.

ముందు ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. వార్డులో నన్ను తల్లులు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. పక్క మంచం మీద ఉన్నవాళ్ళకు వినపడకూడదని, తలుపు దగ్గర నిలబడ్డ వాళ్ళమ్మకు వినపడకూడదని, చాలా మెల్లగా అడుగుతారు. "సిస్టర్, బిడ్డను చేతిలో పెట్టగానే ప్రేమ పొంగుకొస్తుందన్నారు. నాకేమీ అనిపించడం లేదు. నేను మంచి తల్లిని కానా?"

ఎందరో అడిగారమ్మా ఈ ప్రశ్న. ఎందరో. చదువుకున్నవాళ్ళు, చదువుకోనివాళ్ళు, ఏళ్ళ తరబడి బిడ్డ కోసం ఎదురుచూసినవాళ్ళు కూడా. కొందరికి బిడ్డను చూసిన క్షణానే ప్రేమ పొంగుతుంది, నిజమే. చాలామందికి అలా జరగదు. గంటల తరబడి నొప్పులు పడి, రక్తం పోయి, నిద్ర లేక, మత్తు ఇంకా పూర్తిగా దిగక పడుకున్న మనిషి ఆ క్షణంలో ఏం అనుభూతి చెందాలో ఆమెకు మనమెలా ఆజ్ఞాపిస్తాం? ఆమెకు ముందుగా కలిగేది ఊరట. తర్వాత అలసట. తర్వాత ఒక రకమైన వింత: ఇంతవరకు కడుపులో తన్నిన ప్రాణి ఈ ముఖంతో ఉంటుందా అని. ప్రేమ ఆ తర్వాత వస్తుంది. పాలు పట్టేటప్పుడు వస్తుంది, బట్టలు మార్చేటప్పుడు వస్తుంది, అర్ధరాత్రి భుజం మీద వేసుకుని తిప్పేటప్పుడు వస్తుంది. కొందరికి రోజుల్లో, కొందరికి వారాల్లో. ఆలస్యంగా వచ్చిన ప్రేమ తక్కువ ప్రేమ అని ఎవరు చెప్పారు?

ఇంకో మాట. మీకు బిడ్డ కొత్త, కానీ బిడ్డకు మీరు కొత్త కాదు. 1980లో అమెరికాలో ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పుట్టి మూడు రోజులైనా నిండని పసికందుల మీద ఒక పరిశోధన చేశారు. పసివాళ్ళు ఒక తీరుగా చప్పరిస్తే వాళ్ళ తల్లి గొంతు, మరో తీరుగా చప్పరిస్తే పరాయి స్త్రీ గొంతు వినపడేలా ఏర్పాటు చేశారు. పసివాళ్ళు ఏం చేశారు? అమ్మ గొంతు వినపడేలా తమ చప్పరింపును మార్చుకున్నారు! కడుపులో ఉన్నప్పుడే విన్నారు కదా ఆ గొంతును. కాబట్టి ఏం మాట్లాడాలో తెలియకపోయినా మాట్లాడండి. ఏం తిన్నారో చెప్పండి, కిటికీ బయట ఏం కనిపిస్తోందో చెప్పండి. దగ్గరగా పట్టుకుని చెప్పండి. అప్పుడే పుట్టిన బిడ్డకు స్పష్టంగా కనిపించేది ఇరవై, ముప్ఫై సెంటీమీటర్ల దూరం వరకే. రొమ్ము దగ్గర పడుకున్న బిడ్డకు అమ్మ ముఖం సరిగ్గా ఆ దూరంలోనే ఉంటుంది.

సరే, పాల దగ్గరికి వద్దాం. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. కొత్త తల్లులు అందరికన్నా ఎక్కువగా కన్నీళ్ళు పెట్టుకునేది ఇక్కడే. పైగా అవసరం లేని చోట.

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుపచ్చగా, చాలా కొద్దిగా వస్తాయి. ఎంత కొద్దిగా అంటే, చూసినవాళ్ళంతా "పాలే పడలేదు" అంటారు. పడ్డాయండీ! అవే పాలు. అప్పుడే పుట్టిన బిడ్డ కడుపు చాలా చిన్నది, ఒక్కోసారికి కొద్ది మిల్లీలీటర్లు చాలు. రోగాలను ఎదిరించే పదార్థాలు ఆ కొద్దిపాటి పాలలో దండిగా ఉంటాయి. అందుకే పుట్టిన గంటలోపు బిడ్డకు రొమ్ము అందించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మాయ బయటికి వచ్చేశాక తల్లి శరీరంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పడిపోతుంది. అప్పుడు పాల ఉత్పత్తి ఊపందుకుంటుంది. దానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. తొలి కాన్పులో, ఆపరేషన్ అయినప్పుడు ఇంకాస్త ఆలస్యం కావచ్చు.

ఈలోగా బిడ్డ బరువు తగ్గుతుంది. దీన్ని చూసి భయపడని తల్లిని నేను చూడలేదు. పుట్టిన బరువులో 7 శాతం దాకా, కొందరిలో 10 శాతం దాకా తగ్గడం మామూలే. దాదాపు రెండు వారాలకల్లా మళ్ళీ పుట్టినప్పటి బరువుకు వస్తారు. 10 శాతం దాటి తగ్గితే మాత్రం డాక్టరు చూడాలి.

అసలు చిక్కు ఎక్కడ వస్తుందంటే, రొమ్ము నుంచి ఎన్ని పాలు వెళ్ళాయో కంటికి కనిపించదు. కనిపించదు కాబట్టి అనుమానం. బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది, సాయంత్రాలు అయితే గంట గంటకూ అడుగుతుంది. అది చూసి గదిలో ఎవరో ఒకరు ఆ మాట అంటారు: "పాలు చాలడం లేదేమో." ఆమె మంచి కోరే అంటారు. కానీ ఆ ఒక్క మాట కొత్త తల్లిని ఎంత కుంగదీస్తుందో నేను రోజూ చూస్తుంటాను. ఆమె నెమ్మదిగా తన శరీరాన్ని నమ్మడం మానేస్తుంది. బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ తన లోపమే అనుకుంటుంది. అందుకని అమ్మమ్మలకూ నానమ్మలకూ నా విన్నపం ఇది: ఆ మాట అనే ముందు పక్క ఎన్నిసార్లు తడిసిందో లెక్క చూడండి. ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లో అంతకన్నా ఎక్కువో బిడ్డ మూత్రం పోస్తోందా? బరువు పెరుగుతోందా? తాగేటప్పుడు మింగుతున్న చప్పుడు వినిపిస్తోందా? అయితే పాలు చాలుతున్నాయి. అంతే. ఇంక అనుమానం వద్దు.

పాలు కుండలో నిలవ చేసి పెట్టినవి కావు. తోడేకొద్దీ ఊరే చెలమ అది. బిడ్డ ఎంత తాగితే, రొమ్ము ఎంత ఖాళీ అయితే, అంత తయారవుతుంది. చాలవేమోనన్న భయంతో అవసరం లేకుండా మధ్యలో సీసా పట్టడం మొదలుపెడితే బిడ్డ రొమ్ము దగ్గర తక్కువ తాగుతుంది, పాలు నిజంగానే తగ్గుతాయి. ఇంకోటి, పాలు చేపుకు రావాలంటే ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదల కావాలి. బిడ్డ ఏడుపు వింటే చాలు, కొందరికి బిడ్డను తలచుకున్నా చాలు, పాలు చేపుకొస్తాయి. ఆందోళన, నొప్పి, పదిమంది చూస్తున్నారన్న బిడియం దాన్ని అడ్డుకుంటాయి. కొత్త తల్లి పాలిచ్చే గదిలో గుంపుగా నిలబడి సలహాలు ఇస్తే ఏమవుతుందో ఇప్పుడు అర్థమైందా?

మొదటి రోజుల్లో చనుమొనలు కాస్త మంటపుట్టడం సహజమే, కానీ పళ్ళు బిగపట్టి పాలివ్వాల్సినంత నొప్పి ఉంటే బిడ్డ సరిగ్గా అందుకోవడం లేదని అర్థం. బిడ్డ నోరు బాగా తెరిచి, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి తీసుకోవాలి. అది ఒక్కసారికి రాదు. ఓర్చుకుంటూ కూర్చోవద్దు, నర్సునో డాక్టరునో పిలిచి చూపించండి. పిలవడానికి మొహమాటపడి రొమ్ములు పగుళ్ళు వారి, గడ్డకట్టి, జ్వరంతో తిరిగి వచ్చిన తల్లుల గురించి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప, నీళ్ళతో సహా, మరేమీ అక్కర్లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మంచి సూచన. అయితే కొందరు తల్లులు ఇవ్వలేరు. కొందరు వాడే మందుల వల్ల, కొందరికి జరిగిన శస్త్రచికిత్సల వల్ల, కొందరికి ఎంత ప్రయత్నించినా పాలు నిజంగానే పడక. వాళ్ళు డాక్టరును అడిగి పోతపాలు పడతారు. అలాంటి తల్లి ముందు తల్లిపాల గొప్పదనం గురించి ఉపన్యాసం ఇవ్వకండి. ఆ బాధ ఆమెకు మీకన్నా ఎక్కువ తెలుసు. సీసాతో పట్టేటప్పుడు కూడా బిడ్డ ఆమె గుండెకు ఆనుకునే ఉంటుంది, ఆమె కళ్ళలోకే చూస్తుంది.

ఇక నిద్ర. ఒక లెక్క చెబుతాను వినండి. అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది. వినడానికి ఎంత హాయిగా ఉంది! మరి తల్లికి నిద్ర ఎందుకు ఉండదు? ఎందుకంటే ఆ నిద్ర రెండు గంటలు, మూడు గంటల ముక్కలుగా వస్తుంది. రాత్రికీ పగటికీ తేడా బిడ్డకు తెలియదు. ఆ తేడా తెలిపే గడియారం వాళ్ళ మెదడులో కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఒకసారి పాలు పట్టి, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని, తడిసిన బట్ట మార్చి, జోకొట్టి పడుకోబెట్టేసరికి గంట. తల్లి కళ్ళు మూసుకునేసరికి మళ్ళీ ఆకలి.

"బిడ్డ నిద్రపోయినప్పుడు నువ్వూ నిద్రపో" అంటారు అందరూ. మంచి సలహానే. బిడ్డ నిద్రపోయినప్పుడు ఆ తల్లి స్నానం ఎవరు చేయాలి? ఆమె అన్నం ఎవరు తినాలి? తడిసిన బట్టలు ఎవరు ఉతకాలి? సలహా ఇచ్చినవాళ్ళు లేచి బట్టలు ఉతికితే ఆమె నిద్రపోతుంది. నాన్నలూ, మీతోనే మాట్లాడుతున్నాను. పాలివ్వడం ఒక్కటే మీరు చేయలేనిది. తేన్పు రప్పించడం మీరు చేయవచ్చు. బట్ట మార్చడం మీరు చేయవచ్చు. పాలు తాగాక బిడ్డను ఛాతీ మీద వేసుకుని రెండు గంటలు మరో గదిలో మీరు తిప్పవచ్చు. ఆ రెండు గంటలు తెగకుండా వచ్చే నిద్ర తల్లికి ఎంత మేలు చేస్తుందో మీరు మర్నాడు ఆమె ముఖంలో చూస్తారు. రోజూ ఒక నిర్ణీత సమయం మీదని ముందే మాట్లాడుకోండి. అర్ధరాత్రి రెండింటికి ఎవరు లేవాలన్న చర్చ మంచిది కాదు, అప్పటికి ఇద్దరికీ ఓపిక ఉండదు.

నిద్ర గురించే రెండు చిన్న విషయాలు. పసిబిడ్డల నిద్రలో దాదాపు సగం కదిలే నిద్ర. మూలుగుతారు, ముఖం చిట్లిస్తారు, నవ్వుతారు, చేతులు విదిలిస్తారు, ఒక్కోసారి చిన్నగా ఏడుస్తారు కూడా. ప్రతి చప్పుడుకూ ఎత్తుకోకండి, కొన్ని క్షణాలు ఆగి చూడండి, తనంతట తాను సర్దుకుని పడుకోవచ్చు. రెండోది, ఇది తప్పనిసరి: బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టండి. గట్టి పరుపు, చుట్టూ దిండ్లూ బొమ్మలూ మెత్తటి దుప్పట్లూ ఏవీ వద్దు. 1990లలో చాలా దేశాలు ఈ ఒక్క సంగతి మీద ప్రచారం చేశాక నిద్రలో హఠాత్తుగా చనిపోయే శిశువుల సంఖ్య ఆ దేశాల్లో సగానికి పైగా తగ్గింది. ఇంత తేలికైన పని ఇన్ని ప్రాణాలు కాపాడింది.

ఏడుపు. ఏడుపు గురించి మీకు ఒక్క సంగతి ముందే తెలిస్తే చాలు, సగం భయం పోతుంది. అదేమిటంటే, ఏడుపుకు ఒక క్రమం ఉంది. 1962లో బ్రేజల్టన్ అనే అమెరికన్ పిల్లల వైద్యుడు తల్లులతో రోజూ ఏడుపు లెక్కలు రాయించి చూశాడు. రెండో వారం నుంచి ఏడుపు పెరుగుతూ పోయి, ఆరో వారం దగ్గర శిఖరానికి చేరి, ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. మూడు నాలుగు నెలలకు బాగా తగ్గిపోతుంది. ఎక్కువగా సాయంత్రాలే. కడుపు నిండి, ఒళ్ళు పొడిగా ఉండి, జ్వరం లేకుండా, అన్నీ బాగున్నా గుక్కపట్టి ఏడుస్తారు. ఎత్తుకున్నా ఏడుస్తారు, దించినా ఏడుస్తారు. ఆరో వారంలో తల్లి ఏమనుకుంటుంది? ఇన్ని రోజులు గడిచాయి, నేను మెరుగుపడాల్సింది పోయి ఇంకా దిగజారుతున్నాను అనుకుంటుంది. లేదమ్మా, నువ్వు దిగజారలేదు. అది బిడ్డ ఎదుగుదలలో వచ్చే మలుపు. నీ చేతిలో లేనిది.

ఏడుపు భరించలేని రాత్రి ఒకటి వస్తుంది. అందరికీ వస్తుంది. చేతులు వణుకుతాయి, కోపం ముంచుకొస్తుంది. అప్పుడు బిడ్డను వెల్లకిలా, సురక్షితమైన చోట పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేసి ఐదు నిమిషాలు బయట నిలబడండి. నీళ్ళు తాగండి. ఎవరినైనా పిలవండి. ఐదు నిమిషాల ఏడుపు వల్ల బిడ్డకు ఏమీ కాదు. కానీ కోపంలో బిడ్డను ఊపేస్తే, ఒక్క క్షణం గట్టిగా కుదిపినా సరే, మెదడులో రక్తస్రావం కావచ్చు, ప్రాణం పోవచ్చు. ఇది తల్లికే కాదు, తండ్రికీ, బిడ్డను చూసుకునే ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. ఇంట్లో అందరికీ చెప్పండి.

తల్లి ఒంటి గురించి త్వరగా చెబుతాను. మాయ ఊడివచ్చిన చోట గర్భసంచి లోపల అరచేతికన్నా పెద్ద గాయం ఉంటుంది. బయటికి కనిపించదు కాబట్టి ఇంట్లోవాళ్ళు దాన్ని మరిచిపోతారు. గర్భసంచి మామూలు పరిమాణానికి రావడానికి ఆరు వారాలు పడుతుంది, రక్తస్రావం కూడా నాలుగు నుంచి ఆరు వారాలు తగ్గుతూ ఉంటుంది. బిడ్డ పాలు తాగుతుంటే పొత్తికడుపులో పట్టేసినట్టు నొప్పి వస్తుంది, గర్భసంచి ముడుచుకుంటున్నదని గుర్తు. రాత్రుళ్ళు చెమటతో తడిసిపోతారు. మూడో నెల దగ్గర జుట్టు పిడికిళ్ళకొద్దీ రాలుతుంది, ఏడాది తిరిగేలోపు చాలామందికి మళ్ళీ మామూలవుతుంది.

కానీ కొన్ని గుర్తులకు ఆగకూడదు. ఒక గంటలో ప్యాడ్ పూర్తిగా తడిసేంత రక్తం, జ్వరం, భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం, ఒక కాలిపిక్క వాచి నొప్పెట్టడం, ఆయాసం, ఛాతీలో నొప్పి. వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దాం అనవద్దు, వెంటనే ఆసుపత్రికి. బిడ్డ విషయంలోనూ అంతే: మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ వచ్చినా, పాలు తాగడం మానేసినా, ఒళ్ళు వేలాడేసినా, ఊపిరి కష్టంగా తీస్తున్నా వెంటనే తీసుకురండి. ఏమీ లేదని తేలితే సంతోషంగా ఇంటికి పంపుతాం. "అనవసరంగా వచ్చారు" అని కొత్త తల్లిని ఎవరూ అనకూడదు.

ఇప్పుడు మనసు. ఇక్కడ అందరూ జాగ్రత్తగా వినాలి.

కాన్పు అయిన మూడో రోజు, నాలుగో రోజు తల్లికి కారణం లేకుండా ఏడుపు వస్తుంది. సగానికి పైగా తల్లులకు వస్తుంది. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్రలేమి, నొప్పి అన్నీ కలిసి వచ్చే దిగులు అది. రెండు వారాల్లోపు తగ్గిపోతుంది. ఆమెకు కావలసింది పక్కన ఒక మనిషి, కాస్త నిద్ర.

రెండు వారాలు దాటినా ఆ దిగులు పోకపోతే, లేదా ఇంకా పెరుగుతుంటే, అది వేరు. అది ప్రసవానంతర కుంగుబాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రసవించిన వంద మందిలో దాదాపు 13 మందికి ఏదో ఒక మానసిక సమస్య, ముఖ్యంగా కుంగుబాటు వస్తుంది. పైకి ఎలా కనిపిస్తుంది? ఏడుస్తూ ఉండాలని లేదు. కొందరు నవ్వుతూనే ఉంటారు. దేనిమీదా ఆసక్తి ఉండదు. బిడ్డ నిద్రపోయినా, పక్కన సాయం ఉన్నా, తనకు నిద్ర పట్టదు. "నేను లేకపోతేనే వీళ్ళకు బాగుంటుంది" అంటుంది. ఆ మాట వింటే తేలిగ్గా తీసుకోవద్దు. ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. ఇంకొందరికి బిడ్డకు ఏదో అయిపోతుందని, తన చేతుల్లోంచి జారిపడుతుందని భయంకరమైన ఊహలు వస్తుంటాయి. ఆ ఊహలకు ఆమే వణికిపోతుంది, ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పండమ్మా. చాలామంది కొత్త తల్లులకు అలాంటి ఊహలు వస్తాయని మాకు తెలుసు. మీరు చెబితే మేం మిమ్మల్ని తప్పుగా అనుకోం.

చాలా అరుదుగా, వెయ్యిమందిలో ఒకరిద్దరికి, మొదటి వారాల్లోనే మతి చలించినట్టు అవుతుంది. లేనివి వినిపిస్తాయి, పొంతన లేకుండా మాట్లాడతారు, రోజుల తరబడి నిద్ర అవసరం లేనట్టు ఉంటారు. అది అత్యవసర పరిస్థితి. ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. చికిత్స ఉంది, కోలుకుంటారు.

కుంగుబాటును పసిగట్టడానికి 1987లో ఎడిన్‌బరోలో పది ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. చాలా దేశాల్లో వాడుతున్నారు. పది ప్రశ్నలు, ఐదు నిమిషాల పని. మీ డాక్టరు ఆ సంగతి ఎత్తకపోతే మీరే అడగండి. బిడ్డను టీకాకు తీసుకెళ్ళిన రోజున "నా గురించి కూడా కాస్త చూడండి" అని అడగండి. అడగడానికి సిగ్గెందుకు? ప్రసవం అయ్యాక మొదటి 24 గంటల్లో, రెండు మూడు రోజులకు, ఒకటి రెండు వారాల మధ్య, ఆరో వారంలో తల్లినీ బిడ్డనూ ఇద్దరినీ చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇద్దరినీ. నాన్నల్లో కూడా పదిమందిలో ఒకరి దాకా ఈ కుంగుబాటుకు లోనవుతారు, మీ సంగతీ దాచుకోకండి.

మనం ఏ పని కొత్తగా చేపట్టినవాళ్ళకైనా నేర్చుకునే గడువు ఇస్తాం. తల్లికి మాత్రం ఇవ్వం. ఆడది కాబట్టి అన్నీ పుట్టుకతో వచ్చేసి ఉంటాయనుకుంటాం. అవి పుట్టుకతో రావు, నేర్చుకుంటే వస్తాయి. ఆమె శరీరం కూడా నేర్చుకుంటోంది. తొలిసారి తల్లులైన స్త్రీల మెదళ్ళను గర్భానికి ముందూ కాన్పు తర్వాతా స్కాన్ చేసి బార్సిలోనా పరిశోధకులు 2016లో ఫలితాలు ప్రకటించారు. ఎదుటివారి మనసును అర్థం చేసుకోవడానికి తోడ్పడే భాగాల్లో మార్పులు వచ్చాయి, ఆ మార్పులు కనీసం రెండేళ్ళ దాకా నిలిచి ఉన్నాయి. మెదడే కొత్తగా మలచుకుంటున్నప్పుడు, ఆ మనిషి పదో రోజుకే అన్నీ తెలిసినట్టు ఉండాలని కోరడం న్యాయమేనా?

అన్నీ సరిగ్గా చేయాలన్న బెంగ కూడా వద్దు. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తల్లీబిడ్డల ముఖాలను వీడియో తీసి క్షణక్షణం పరిశీలించాడు. ఆరోగ్యంగా, ప్రేమగా ఉన్న జంటలు కూడా ఒకరి భావం ఒకరు సరిగ్గా అందుకునేది దాదాపు 30 శాతం సమయమే. మిగతా సమయమంతా తప్పడం, మళ్ళీ కలుపుకోవడం. బిడ్డ నవ్వుతుంటే అమ్మ అటు చూస్తుంది, అమ్మ పలకరిస్తే బిడ్డకు ఆవలింత వస్తుంది. తప్పిన ప్రతిసారీ మళ్ళీ కలుపుకుంటారు చూడండి, బిడ్డ నమ్మకం నేర్చుకునేది అందులోనే.

కష్టాలే చెప్పానా? సంతోషాలు చెప్పకుండా ఎలా వదులుతాను!

ఆరో వారం అన్నాను కదా, ఏడుపు శిఖరానికి చేరే సమయం. దాదాపు అదే రోజుల్లో మొదటి నవ్వు వస్తుంది. నిద్రలో వచ్చే నవ్వు కాదు. మీ ముఖం చూసి, మిమ్మల్ని గుర్తుపట్టి, కళ్ళతో సహా నవ్వే నవ్వు. ఆ నవ్వు చూసిన తల్లి ఆరు వారాల పరీక్షకు వచ్చినప్పుడు నేను ఇంకేమీ అడగక ముందే చెప్పేస్తుంది: "సిస్టర్, నవ్వింది!" వార్డులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట అది.

బిడ్డ అరచేతిలో మీ వేలు పెడితే గట్టిగా పట్టేసుకుంటుంది. అది పుట్టుకతో వచ్చే ప్రతిచర్య అని మాకు చదువులో చెప్పారు. చెబితే ఏం? ఆ పట్టు పట్టే. మూడో నెలలో తన చెయ్యి తనకు దొరుకుతుంది. కళ్ళ ముందు పెట్టుకుని, తిప్పి తిప్పి, అది తనదేనా అన్నట్టు చూసుకుంటుంది. గంట సేపు చూసినా తనివి తీరదు, తల్లికి కూడా. ఊఁ కొట్టడం మొదలుపెడుతుంది. మీరొక మాట అంటే తనొక ఊఁ అంటుంది, మళ్ళీ మీరు అనేదాకా ఆగుతుంది. మీ ఇద్దరి మొదటి సంభాషణ అది.

ఇవన్నీ బిడ్డ ఇచ్చే సంతోషాలు. ఇంకో రకం సంతోషం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. తల్లి తన గురించి తాను పొందే సంతోషం. మొదటి వారం బిడ్డకు చొక్కా తొడగడానికి చెమటలు పట్టిన మనిషి రెండో నెలలో మాట్లాడుతూ మాట్లాడుతూ ఒంటి చేత్తో తొడిగేస్తుంది. పక్క గదిలోంచి ఏడుపు వినగానే "ఆకలి కాదు, నిద్ర వస్తోంది" అంటుంది. ఇంట్లో అందరూ ఆకలే అంటారు. వెళ్ళి చూస్తే ఆమె చెప్పిందే నిజం. ఆ రోజు ఆమె నడక మారుతుంది, నేను చూశాను. ఆ ఏడుపు భాషను ఆమెకు ఎవరూ నేర్పలేదు. నిద్ర మానుకుని, విని విని, తానే నేర్చుకుంది. ఆ రోజున "అబ్బో, బాగా కనిపెట్టావే" అని ఒక్క మాట అనండి. భర్తలూ, ఆ మాట మీరే ముందు అనాలి.

చూడటానికి వెళ్ళేవాళ్ళకు కూడా ఒక్క మాట చెప్పి ముగిస్తాను. గుమ్మంలో అడుగుపెట్టగానే అందరూ బిడ్డ కోసం చేతులు చాపుతారు. ముందు తల్లి దగ్గరకు వెళ్ళండి. "రాత్రి ఎంతసేపు నిద్రపోయావమ్మా?" అని అడగండి. "తిన్నావా?" అని అడగండి. జవాబు వినేదాకా ఆగండి. జలుబు చేసి ఉంటే ఆ వారం వెళ్ళకండి. బిడ్డ ఎవరి పోలికో, సన్నగా ఉందో లావుగా ఉందో తర్వాత మాట్లాడుకోవచ్చు. ఆమె చేతిలో పని ఏదైనా ఉంటే తీసుకుని మీరు చేయండి.

నేను చెప్పాల్సింది అయిపోయింది. ఇక మీరు అడగండి, కావలసినంత సమయం ఉంది. కాన్పు దగ్గరపడినవాళ్ళు ముందు అడగండి. అందరిలో అడగలేని ప్రశ్నలు ఉంటే కాగితం మీద రాసి ఇవ్వండి, పేరు రాయనక్కర్లేదు. అమ్మా, మూడో వరుసలో మీరు ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తి ఉన్నారు, మీ ప్రశ్న చెప్పండి.